కడుపులో బల్ల – రోగం కాదు, గుర్తు



గుండె గురించి, ఊపిరితిత్తుల గురించి అందరూ రాస్తారు. నేను ఎవ్వరూ పట్టించుకోని ఒక అవయవం గురించి రాస్తున్నాను. దాని పేరు ప్లీహం. ఈ పేరు కొత్తగా ఉన్నా, "పిల్లాడికి కడుపులో బల్ల పెరిగింది" అనే మాట మన ఇళ్ళల్లో అందరూ విన్నదే. ఎడమవైపు పెరిగే ఆ బల్ల ఎక్కువగా ఈ ప్లీహమే. కుడివైపు పెరిగితే అది కాలేయం కావచ్చు. కొందరు దాన్ని కూడా బల్లే అంటారు. అందుకే ఏది పెరిగిందో డాక్టరు చేత్తో తాకి చెప్పాలి.

ఎక్కడ ఉంటది?

మన ఎడమ డొక్కలో, పక్కటెముకల కింద, జీర్ణాశయానికి వెనకగా ఉంటది. పెద్దవాళ్ళలో పిడికిలంత సైజు, సుమారు 150 గ్రాముల బరువు. రంగు ముదురు ఊదా. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కితే మామూలుగా ఇది తగలదు, ఎముకల చాటున దాగి ఉంటది. చేతికి తగిలిందంటే బాగా పెరిగిందని అర్థం.

ఏం పని చేస్తుంది?

1. జల్లెడ పని: ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలివైపోయిన కణాలను ప్లీహం పట్టుకుని విరగ్గొడుతుంది. వాటిలోని ఇనుమును పారెయ్యదు, కొత్త కణాల తయారీకి మళ్ళీ పంపిస్తుంది.
2. కాపలా పని: రక్తంలో దూరిన సూక్ష్మజీవులను పట్టుకుంటుంది. వాటితో పోరాడే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది.
3. దాచే పని: రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లలో మూడో వంతు ఇందులోనే నిలవ ఉంటాయి.

బల్ల ఎందుకు పెరుగుద్ది?

జల్లెడలో చెత్త ఎక్కువైతే పని పెరుగుద్ది గదా! ప్లీహం కూడా అంతే. మలేరియా క్రిములు ఎర్ర కణాల్లోకి దూరతాయి. ఆ పాడైన కణాలన్నీ ప్లీహానికే వచ్చి పడతాయి. జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తే ప్లీహం ఉబ్బి గట్టిపడుద్ది. టైఫాయిడ్, కాలా అజార్, క్షయ, కాలేయం చెడిపోవడం, తలసీమియా, సికిల్ సెల్, రక్త క్యాన్సర్లు – వీటిల్లో కూడా పెరగొచ్చు. ఇన్ని కారణాలు ఉన్నాయి కాబట్టి బల్ల అనేది ఒక రోగం పేరు కాదు. లోపల ఏదో జరుగుతోందని చెప్పే గుర్తు మాత్రమే.

పిల్లల డొక్క చూసి ఊరి జ్వరం చెప్పారు

1840లలో ఉత్తర భారతదేశంలో యమునా నది కాలువల వెంబడి ఊళ్ళల్లో జ్వరాలు ఎక్కువయ్యాయి. కాలువ వల్లనేనా అని విచారణ జరిగింది. అప్పటికి మలేరియా క్రిమి సంగతి ఎవరికీ తెలియదు. డెంప్‌స్టర్ అనే డాక్టరు ఊరూరా తిరిగి జనం ఎడమ డొక్క తాకి, ఎంతమందికి ప్లీహం పెరిగిందో లెక్క కట్టాడు. నీళ్ళు పారే దారి లేక నిలిచిపోయిన చోట్ల బల్లలు ఎక్కువ కనిపించాయి.

ఆ లెక్కనే తర్వాత ప్లీహ శాతం అన్నారు. 2 నుంచి 9 ఏళ్ళ పిల్లల్లో నూటికి 10 మందిలోపు ఉంటే మలేరియా తక్కువ, 11 నుంచి 50 వరకు ఉంటే మధ్యస్థం, 50 దాటితే తీవ్రం అని లెక్క.

క్రిమి దోమలో పెరుగుతుందని కనిపెట్టింది మన తెలుగు నేల మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టలో ఆ క్రిమిని సూక్ష్మదర్శినితో చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ దోమల దినంగా జరుపుకుంటారు.

మన పల్నాడుకు 1967లో సాగర్ కుడి కాలువ నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళతోనే మన అన్నం, మన మిర్చి. పారే నీళ్ళను తిట్టాల్సిన పని లేదు. నిలిచిన గుంటల్లో, మూత లేని తొట్లలో దోమ గుడ్లు పెడుతుంది. దాన్ని ఆపటం మన చేతిలో ఉంది.

సికిల్ సెల్ సంగతి

ఇది అంటురోగం కాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర కణం కొడవలిలా వంగిపోతుంది. వంగిన కణాలు ప్లీహంలో ఇరుక్కుంటాయి. చిన్నపిల్లల్లో ఒక్కోసారి గంటల్లోనే బల్ల ఉబ్బి, పిల్ల తెల్లగా పాలిపోతుంది. అప్పుడు రక్తం ఎక్కించాలి, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. ఇంకొందరిలో ప్లీహం ఏళ్ళ తరబడి దెబ్బతిని కుంచించుకుపోతుంది.

తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకుడు రోగి కాదు, మనలాగే చదువుతాడు, ఆడతాడు. ఒక కుటుంబంలో ఈ లక్షణం ఉంటే మేనరికంలో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. అందుకే పెళ్ళికి ముందే పరీక్ష మంచిది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 2047 నాటికి దీన్ని లేకుండా చెయ్యాలన్నది లక్ష్యం. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మనలో సుగాలీలు, చెంచులు, యానాదులు, ఎరుకలవాళ్ళు ఉన్నాం. పరీక్షకు వస్తే అందరం చెయ్యి చాపుదాం. ఎవరి రిపోర్టు చూసీ ఎగతాళి చెయ్యొద్దు.

వాతలు పెట్టొద్దు

మా తండాలో ఒక చిన్నోడికి బల్ల పెరిగిందని ఇనప చువ్వ కాల్చి పొట్ట మీద వాతలు పెట్టారు. వాళ్ళమ్మకు పిల్లాడంటే ప్రాణం, బాగవుతాడనే పెట్టించింది. కానీ జ్వరం తగ్గలేదు, పుండ్లు పడ్డాయి. తర్వాత ఆసుపత్రిలో రక్తం తీస్తే మలేరియా అని తేలింది. మందులు వాడాక జ్వరం పోయింది, బల్ల కూడా నెమ్మదిగా కరిగింది. వాతల మచ్చలు మాత్రం ఇంకా ఉన్నాయి. చర్మం కాలిస్తే రక్తంలో క్రిమి చావదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దవాళ్ళకు ఈ మాట మెల్లగా, గౌరవంగా చెప్పండి. చదువుకున్న మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

గుర్తుంచుకోండి

1. చలి జ్వరం వస్తే దుప్పటి కప్పుకుని దాచొద్దు. అదే రోజు వార్డెన్ గారికి చెప్పాలి, రక్త పరీక్ష చేయించుకోవాలి.
2. మలేరియా మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులూ మింగాలి. వైవాక్స్ రకం క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. దానికి 14 రోజుల కోర్సు ఉంటది. జ్వరం తగ్గిందని ఆపితే మళ్ళీ వస్తుంది.
3. బల్ల పెరిగినవాళ్ళు డాక్టరు చెప్పేదాకా కబడ్డీ, కుస్తీ ఆడొద్దు. పెరిగిన ప్లీహానికి దెబ్బ తగిలితే పగిలి లోపల రక్తం కారుద్ది. ఆటలో ఎవరినీ డొక్కలో గుద్దొద్దు.
4. ఆపరేషన్‌లో ప్లీహం తీసేసినా మనిషి బతుకుతాడు. కానీ కాపలా తగ్గుద్ది కాబట్టి టీకాలు వేయించుకోవాలి, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి.
5. వారానికొకసారి తొట్లు ఖాళీ చేసి తోమి ఆరబెట్టాలి. ఆదివారం మనమే చేద్దాం, వార్డెన్ గారు అనుమతి ఇవ్వాలని మనవి.

చదివారా? అయితే జవాబు చెప్పండి!

అ) ఎర్ర కణం ఎన్ని రోజులు బతుకుతుంది?
ఆ) బల్ల పెరగడానికి మూడు కారణాలు చెప్పండి.
ఇ) 1897 ఆగస్టు 20న ఏం జరిగింది?

జవాబులు పైనే ఉన్నాయి. దొరక్కపోతే మళ్ళీ మొదటినుంచి చదవండి!

– తొమ్మిదో తరగతి విద్యార్థి