బాస్కెట్‌బాల్ కోచ్ కావాలనుందా? ముందు పీడీ అవ్వండి

నంద్యాల, ఆళ్లగడ్డ, సున్నిపెంట కుర్రాళ్లు "కాలేజీలో బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరాలి" అంటుంటారు. మన కాలేజీల్లో ఆ పేరుతో ఉద్యోగం దాదాపు ఉండదు. అమెరికాలోని పెద్ద యూనివర్సిటీల్లో ఒక్క జట్టు కోచ్‌కే కోట్ల జీతం. ఇక్కడ ఉండేది ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) పోస్టు. కబడ్డీ, ఖోఖో, పంద్రాగస్టు పరేడ్, అన్నీ పీడీ సారు నెత్తినే. బాస్కెట్‌బాల్ వాటిలో ఒకటి. ఇది ఒప్పుకోలేనివాళ్లు ఈ దారిలోకి రాకపోవడమే మేలు.

డిగ్రీ అయ్యాక పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి వ్యాయామ విద్యలో రెండేళ్ల బీపీఈడీ, ఆపైన రెండేళ్ల ఎంపీఈడీ చేయాలి. పీఈసెట్ పేరుకే 'రాయడం'. పరీక్షంతా మైదానంలోనే, దేహదారుఢ్యం, ఆటలో నైపుణ్యం మీద జరుగుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ, కాలేజీ స్థాయి పోస్టుకు ఎంపీఈడీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ ఉండాలి. ఫిట్‌నెస్ పరీక్ష కూడా నెగ్గాలి. 30 ఏళ్లలోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్లు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తిచేయాలి. పుస్తకాల్లో పడి పరుగు మానేస్తే ఇక్కడ దొరికిపోతారు.

చాలామంది దెబ్బతినేది కాగితాల దగ్గర. అంతర్ కళాశాలల పోటీల్లోనో, యూనివర్సిటీ జట్టులోనో ఆడిన రుజువు కావాలి. రాయలసీమ యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయాల టోర్నీ ఆడితే ఆ ఏడాదే సర్టిఫికెట్ తీసుకోండి. స్పోర్ట్స్ కోటా ఫారం-3 మీద సంతకం కూడా అప్పుడే చేయించుకోండి. అధికారి బదిలీ అయ్యాక తిరగడం నరకం.

కోచ్ అనిపించుకోవాలంటే పటియాలా ఎన్ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) డిప్లొమా ఉండాలి. అది ఏడాది కోర్సు. అంత కాలం కుదరనివారికి ఆరువారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. కానీ దాన్ని డిప్లొమాతో సమానంగా చూడరు.

శ్రీశైలం పిల్లల్ని టోర్నీలకు తీసుకెళ్లే పీడీకి ఇంకో లెక్క ఉంటుంది. దారి పులుల అభయారణ్యం గుండా వెళ్తుంది కాబట్టి దోర్నాల దగ్గర రాత్రి 9 దాటితే అటవీ గేటు మూసి, తెల్లారాకే తీస్తారు. ఫైనల్ సాయంత్రం ఉంటే బస కూడా ముందే చూసుకోవాలి.

ప్రైవేటు కాలేజీలో చేరేముందు మూడు విషయాలు అడగండి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న పూర్తి కోర్టు ఉందా? బంతులకు ఏటా డబ్బు ఇస్తారా? పోటీలకు వెళ్తే టీఏ, డీఏ ఎవరిస్తారు? జవాబులు నోటిమాటగా వదిలేయకండి, అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాయించుకోండి.