పెళుసు ఎముకలు - మందగించే వినికిడి

ఎముకల జబ్బు అనగానే మన నల్గొండ జిల్లావారికి ముందు గుర్తుకొచ్చేది ఫ్లోరైడు నీళ్లే. 1955లోనే ఇక్కడి ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అందుచేత నిడమనూరు, మిర్యాలగూడ వైపు ఏ బిడ్డకైనా పళ్లు గోధుమరంగులో, కాళ్లు వంకరగా ఉంటే “నీళ్ల జబ్బే” అని సరిపెట్టుకుంటాము. కాని చిన్న దెబ్బకే మాటిమాటికీ ఎముక విరుగుతుంటే, కంటిలో తెల్లభాగం నీలంగా కనిపిస్తుంటే, అది పుట్టుకతో వచ్చే పెళుసు ఎముకల వ్యాధి కావచ్చు. వైద్యులు దీనిని ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. సుమారు 15 నుండి 20 వేల జననాలలో ఒకరికి వస్తుంది. దీనిలోనూ కొందరికి పళ్లు రంగు మారతాయి, అందుకే పొరపాటు పడడం సులువు. ఫ్లోరోసిస్‌లో కీళ్లు బిగుసుకుంటాయి, దీనిలో వదులుగా ఉంటాయి.

ఎముకలకు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు సరిగా తయారుకాకపోవడమే దీనికి కారణం. తల్లి తిన్న తిండివల్ల, గ్రహణంవల్ల వచ్చేది కాదు. కోడలిని నిందించడం అన్యాయం. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. ఇద్దరికీ లేకపోయినా కొత్తగా రావచ్చు. కొన్ని అరుదైన రకాలు మాత్రం మేనరికాలలో ఎక్కువ.

కాళ్లూ చేతులూ విరిగితే అందరూ చూస్తారు. చెవి సంగతి ఎవరికీ కనిపించదు. కర్ణభేరి వెనుక సుత్తి, దాగలి, రికాబు ఆకారాలలో మూడు బుల్లి ఎముకలున్నాయి. రికాబు మన శరీరంలో అన్నిటికన్నా చిన్న ఎముక, బియ్యపు గింజంత కూడా ఉండదు. ఈ వ్యాధిలో దాని కాళ్లు సన్నబడి విరగవచ్చు, లేదా దాని అడుగుభాగం బిగుసుకుపోయి కదలిక ఆగవచ్చు. అప్పుడు శబ్దం లోపలికి చేరదు. తరువాత లోపలి చెవి కూడా దెబ్బతినవచ్చు. 1918లోనే హాలెండు వైద్యులు వాన్‌డర్ హోవె, డి క్లైన్ పెళుసు ఎముకలు, నీలి కళ్లు, చెవుడు మూడూ కలిసి వస్తాయని రాశారు.

వినికిడి తగ్గడం ఎక్కువగా ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో మొదలవుతుంది. అంటే పెళ్లి, ఉద్యోగం కుదిరే కాలంలోనే. పిలిస్తే పలకడం లేదని, పొగరని ఇంట్లో విసుక్కుంటారు. చెవిలో హోరు కూడా ఉండవచ్చు. పిల్లలలోనూ వస్తుంది. బడిలో “మొద్దు” అనిపించుకునే పిల్లవాడికి నిజంగా వినిపించకపోవచ్చు. అయితే గులిమి, చెవిలో నీరు చేరడం వంటివి కూడా కారణం కావచ్చు. వాటికి చికిత్స తేలిక. కనుక పరీక్ష చేయించకుండా చెవుడని తీర్మానించకండి.

ఈ వ్యాధి ఉన్న బిడ్డకు బడి వయసు నుండే ఆడియోమెట్రీ చేయించండి. తరువాత రెండు మూడేళ్లకోసారి, తేడా కనిపిస్తే వెంటనే. నొప్పి ఉండదు, సూది ఉండదు. చెవిలో వేడి నూనె పోయకండి, పుల్లలు పెట్టకండి. చెంపమీద కొట్టడం ఎవరికీ మంచిది కాదు, ఈ బిడ్డలకు మరీ ప్రమాదం. చెవి డాక్టరుకు ఎముకల సంగతి ముందే చెప్పండి.

వినికిడి యంత్రం చాలామందికి ఉపయోగపడుతుంది. రికాబు మార్చే ఆపరేషను కూడా ఉంది, కాని ఎముక పెళుసు గనుక ఈ వ్యాధిలో అనుభవమున్న సర్జను చేతనే చేయించుకోవాలి. ఎముకల బలానికిచ్చే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షను వినికిడిని కాపాడుతుందని రుజువు కాలేదు, దాన్ని నమ్ముకుని చెవి పరీక్ష మానకండి. హైదరాబాదులో కోఠి ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది. రెండు చెవులలోనూ 60 డెసిబెల్స్ లేక అంతకన్నా ఎక్కువ లోపముంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వర్తిస్తుంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఆడియోగ్రామ్ కాగితాలన్నీ, పాతవి కూడా, వెంట తీసుకువెళ్లండి.