మే 22న మన హాస్టల్‌కు తాళం



ఏప్రిల్ వచ్చిందంటే మన హాస్టల్‌లో మూడు దండలు కావాలి. 5న బాబూ జగ్జీవన్ రామ్, 11న మహాత్మా ఫూలే, 14న బాబాసాహెబ్ అంబేడ్కర్ జయంతి. ఆ తర్వాత పరీక్షలు, సెలవులు. మే 22 నాటికి గంగారంలో గేటుకు తాళం పడి ఉంటుంది. ఆ తేదీన పుట్టిన భాగ్యరెడ్డివర్మ ఫొటోకు మన చేతులతో దండ వేసే అవకాశం రాకపోవడానికి కారణం ఇదే. ప్రభుత్వం ఆయన జయంతిని జరుపుతున్నది, కానీ మనం అప్పుడు ఊళ్లలో ఉంటాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి వాళ్లం మేమే, కాబట్టి ఇంట్లో చెప్పేవారూ లేరు. పి.జి.లో చేరాకే ఆయన గురించి వివరంగా చదివాం.

రెడ్డి, వర్మ రెండూ ఉన్నాయి కదా, ఇంతకీ ఎవరాయన అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయన 1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. రెడ్డి అంటే రేడు, అంటే పాలకుడు, ఈ నేలను మొదట ఏలినవాళ్లం మనమే అని వాళ్ల ఇంటి గురువు ఆ పేరు పెట్టారని చెబుతారు. వర్మ అనేది తర్వాత ఆర్యసమాజం వారు ఇచ్చిన బిరుదు.

1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. చదువు రానివారికి కరపత్రాలు పంచి లాభం లేదు గనుక హరికథలు చెప్పించారు. 1911లో అది మాన్య సంఘమైంది. ఇసామియా బజారులో మొదలుపెట్టి, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం నగరంలో తెలుగులో పాఠాలు చెప్పే బడులు పెట్టారు. అవి క్రమంగా 26 దాకా పెరిగాయి. 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. మన పిల్లల చదువు సర్కారు బాధ్యత అని అధికారులు గుర్తించకముందే, చందాలతో ఇంత పని జరిగింది. మన మెస్ చార్జీలకు, స్కాలర్‌షిప్‌లకు వెనుక ఇలాంటి చరిత్ర ఉంది.

మాకు అన్నిటికంటే నచ్చింది 1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభ. పెట్టిన పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షుడు భాగ్యరెడ్డివర్మ. ‘పంచమ’ అనే మాట పురాణాల్లోనే లేదు, మనం ఐదోవాళ్లం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం అని ఆయన వాదించారు. సభ పేరునే ఆది ఆంధ్ర అని మార్చేశారు. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసి ఉంచారు. గుడిలోకి వస్తారేమోనని భయం! తలుపులు మూసినా పేరు మాత్రం నిలిచింది. ఎస్సీ కులాల జాబితా తీసి చూడండి, ‘ఆది ఆంధ్ర’ నేటికీ అందులో ఉంది. ఇటు నిజాం రాష్ట్రంలో ఆయన ఆది హిందూ ఉద్యమం నడిపారు, 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు ఎక్కింది. జోగిని ఆచారాన్ని ఎదిరించారు, ‘భాగ్యనగర్’ పత్రిక నడిపారు, ‘వెట్టి మాదిగ’ అనే నవల రాశారు. మాల ఇంట పుట్టినవాడు మాదిగ వెట్టి గురించి రాశాడన్నది నేటి తగాదాల్లో గుర్తుంచుకోవలసిన సంగతి.

అమెరికాలో నల్లజాతివారికీ ఈ చిక్కే ఉండేది. వారి చరిత్ర పుస్తకాల్లో లేదు. బానిసలుగా బతికిన తల్లిదండ్రుల కొడుకు కార్టర్ వుడ్సన్ 1926లో ఫిబ్రవరిలో ఒక వారాన్ని ఆ చరిత్ర కోసం పెట్టాడు. 1976 నుండి అది నెల అయింది. ఫిబ్రవరిలో బడులు తెరిచే ఉంటాయి, అదే మాకు ముఖ్యంగా తోచింది.

నల్లవారి చరిత్ర అమెరికాలోనే ఉందనుకోకండి. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఏ.సి. గార్డ్స్ అని బస్తీ ఉంది. ఏ.సి. అంటే చల్లటి గాలి కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రపు దళంగా పనిచేసిన సిద్దీల వారసులు అక్కడ ఉన్నారు. పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాళ్ల వాద్యమే.

పరీక్షకో ఇంటర్వ్యూకో హైదరాబాదు వెళ్లే తమ్ముళ్లు, 2023లో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం తప్పక చూస్తారు, చూడాలి కూడా. ఇమ్లిబన్ బస్టాండులో దిగితే చాదర్‌ఘాట్ ఎంతో దూరం లేదు. ఆది హిందూ భవన్ ఎక్కడని అడగండి.

భాగ్యరెడ్డివర్మ 1939 ఫిబ్రవరి 18న చనిపోయారు. ఆ తేదీన మన గేటు తెరిచే ఉంటుంది. పదో తరగతి వారికి చదువుల ఒత్తిడి ఉంటుంది కనుక స్టడీ అవర్ అయ్యాక అరగంట చాలు. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్లు బెజవాడ సభను నాటికగా వేయవచ్చు. వార్డెన్ సార్ ఒప్పుకుంటే ఫొటో, మైకు ఖర్చు పూర్వ విద్యార్థులం మేము పెట్టుకుంటాం.