తుప్పు పట్టిన బ్రేక్ డ్రమ్ము: సుత్తి ఎత్తే ముందు కాస్త భౌతికశాస్త్రం

వానాకాలమంతా చెట్టు కింద నిలిపి ఉంచిన పాత జిప్సీనో, జీపునో బయటికి తీద్దామనుకుంటారు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. కానీ వెనుక చక్రం తిరగదు, నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. షెడ్డులో చక్రం విప్పి డ్రమ్ము మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తారు. కదలదు. దెబ్బల జోరు పెరుగుతుంది. ఒక్కోసారి డ్రమ్ము ఊడి వస్తుంది, ఒక్కోసారి దాని అంచు విరిగి చేతికి వస్తుంది. డ్రమ్ము ఎక్కడ పట్టేసిందో, ఎందుకు పట్టేసిందో తెలుసుకుంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఎక్కడ పట్టేసింది?

బ్రేక్ డ్రమ్ము పోత ఇనుముతో చేసిన గిన్నె లాంటిది. అది చక్రంతో పాటు తిరుగుతుంది. లోపల నెలవంక ఆకారంలో రెండు బ్రేక్ షూలు ఉంటాయి. పెడల్ తొక్కితే వీల్ సిలిండర్ వాటిని బయటికి నెడుతుంది. షూల మీది లైనింగ్ డ్రమ్ము లోపలి గోడకు ఒరుసుకుని చక్రాన్ని ఆపుతుంది.

డ్రమ్ము రెండు చోట్ల ఇరుక్కుంటుంది. మొదటిది నడి మధ్యన, డ్రమ్ము రంధ్రం హబ్ మీద కూర్చునే చోట. రెండోది లోపల. ఏళ్ల తరబడి అరిగిన డ్రమ్ము గోడలో షూలు తిరిగే మేర గాడి పడుతుంది, అంచు మాత్రం అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. లాగినప్పుడు ఆ గట్టు షూలకు అడ్డం పడుతుంది. దీన్ని గుర్తించడం తేలికే. డ్రమ్ము హబ్ నుంచి కాస్త బయటికి వచ్చి ఆగిపోతుంటే తప్పు షూల దగ్గర ఉంది. వెంట్రుక వాసి కూడా కదలకపోతే ముందు హబ్‌ను అనుమానించాలి.

షూల సమస్యకు బలం అక్కర్లేదు. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదలాలి. వెనుక పలక రంధ్రంలో రబ్బరు మూత తీసి, లోపలి అడ్జస్టర్ చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో వదులు చేస్తే షూలు దగ్గరికి ముడుచుకుంటాయి. అయితే హ్యాండ్ బ్రేక్ వదిలిన బండిని ఆపేది ఏదీ ఉండదు. అందుకే ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కదిమ్మెలు అడ్డం పెట్టాలి. బండి బరువును జాకీ మీద కాక స్టాండు మీద నిలపాలి.

తుప్పు ఎందుకంత గట్టిగా పట్టుకుంటుంది?

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు ఉంటే ఈ చర్య ఇంకా వేగంగా సాగుతుంది. సముద్రతీర ఊళ్లలోని బళ్లకు ఈ బెడద ఎక్కువగా ఉండేది అందుకే. తాను తినేసిన ఇనుము కంటే తుప్పు రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. హబ్‌కూ డ్రమ్ముకూ మధ్య ఉండే సందు చాలా సన్నం. అందులో పెరిగిన తుప్పు సందు నిండాక రెండు వైపులా ఒత్తుతూ చీలలా బిగుసుకుంటుంది.

ఇక్కడ తుప్పు వదిలించే పల్చటి నూనె పనికొస్తుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే, కేశనాళికా చర్య వల్ల అది సన్నని సందుల్లోకి పాకుతుంది. దానికి సమయం కావాలి. హబ్ చుట్టూ కొద్దిగా వేసి, రాత్రంతా వదిలేయడం మేలు. లైనింగ్ మీద మాత్రం చుక్క కూడా పడకూడదు.

మర చేసే పని

చాలా డ్రమ్ముల ముఖం మీద రెండు మర రంధ్రాలు ఖాళీగా కనిపిస్తాయి. అవి డ్రమ్మును ఊడదీయడానికే ఉన్నాయి. సరిపోయే బోల్టులు వాటిలో బిగిస్తే, వాటి కొనలు వెనుకనున్న హబ్‌ను నెట్టి డ్రమ్మును బయటికి తోస్తాయి.

8 మి.మీ. బోల్టును 15 సెం.మీ. పానాతో తిప్పుతున్నామనుకుందాం. ఒక చుట్టుకు చేయి సుమారు 94 సెం.మీ. తిరుగుతుంది, బోల్టు 1.25 మి.మీ. మాత్రమే ముందుకు వెళ్తుంది. అంటే లెక్క ప్రకారం బలం సుమారు 750 రెట్లు కావాలి. మరల్లో ఘర్షణ చాలా భాగం మింగేసి ఎనిమిదో వంతే మిగిలిందనుకున్నా, 10 కిలోలు ఎత్తేంత చేతి బలం అటువైపు 900 కిలోలకు పైబడిన ఒత్తిడి అవుతుంది.

అందుకే రెండు బోల్టులనూ మార్చి మార్చి, తలా పావు చుట్టు మాత్రమే తిప్పాలి. ఒకదాన్నే తిప్పితే డ్రమ్ము వంకరగా బిగుసుకుంటుంది, మరలు తెగుతాయి. మరో జాగ్రత్త: కొన్ని పాత జీపుల్లో డ్రమ్ము, హబ్ కలిసే ఉండి, కొన సన్నబడిన యాక్సిల్ షాఫ్టు మీద కూర్చుంటాయి. వాటికి హబ్ పుల్లరే వాడాలి.

సుత్తి, వేడి

పోత ఇనుములో గ్రాఫైట్ రేకులు ఉంటాయి. నొక్కితే అది బాగా ఓర్చుకుంటుంది, లాగితే లేదా వంచితే ఆ రేకుల దగ్గరే పగులుతుంది. కాబట్టి డ్రమ్ము అంచు మీద కొట్టకూడదు. బోల్టులు బిగువుగా ఉండగా, హబ్ చుట్టూ చెక్కముక్క అడ్డం పెట్టి చిన్న దెబ్బలు వేస్తే, ఆ కంపనానికి తుప్పు పొర చిట్లుతుంది.

వేడి చేస్తే రంధ్రం మూసుకుపోతుందని కొందరు అనుకుంటారు. నిజానికి రంధ్రం కూడా పెద్దదవుతుంది. 60 మి.మీ. రంధ్రం ఉన్న డ్రమ్ము 100 డిగ్రీలు వేడెక్కి, హబ్ చల్లగా ఉంటే సుమారు 0.07 మి.మీ. సందు పెరుగుతుంది. అది ఒక తలవెంట్రుక మందం. ఆ కాస్తా చాలు. కానీ నూనె పోసిన చోట మంట పెడితే అంటుకుంటుంది. పక్కనే వీల్ సిలిండర్ రబ్బర్లు, యాక్సిల్ ఆయిల్ సీలు ఉంటాయి. అందుకే వేడిని చివరి మార్గంగా, అనుభవజ్ఞులకే వదిలేయాలి.

ఊడాక అసలు ప్రమాదం

డ్రమ్ము ఊడగానే లోపల నల్లటి దుమ్ము కనిపిస్తుంది. షెడ్డులో పనిచేసే కుర్రాడు దాన్ని కంప్రెసర్ గాలితో ఊదేస్తాడు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. కంటికి కనిపించని దాని పోగులు ఊపిరితిత్తులలో చేరితే, క్యాన్సర్ ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. దుమ్మును ఊదకండి, పొడిగా చిమ్మకండి. నీళ్లతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారేయండి.

మళ్లీ బిగించే ముందు పగుళ్లు, వీల్ సిలిండర్ కారడం, లైనింగ్ మందం చూడండి. లోపలి వ్యాసం డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ కొలతను దాటితే డ్రమ్ము మార్చాల్సిందే. హబ్ మీది తుప్పును వైరు బ్రష్షుతో గీకి, యాంటీ సీజ్ గ్రీజు పల్చగా పూస్తే వచ్చేసారి సుత్తి అవసరం రాకపోవచ్చు. పగిలిన డ్రమ్మును మాత్రం మళ్లీ బిగించకండి. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు మీ ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది.