చేను బాగుకు వచ్చే సొమ్ము ఎవరి చేతికి?

మృగశిర వచ్చేసింది. పెదకాకాని, నంబూరు, వెనిగండ్ల, కొప్పురావూరు చేలల్లో దుక్కులు సాగుతున్నాయి. పత్తి వేసే రైతులు తొలి జల్లుకే గింజ పెట్టొద్దు. మన నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, తడి బాగా లోపలికి దిగాకే విత్తండి. లేకపోతే మొలక మాడి మళ్లీ ప్యాకెట్లు కొనాల్సి వస్తుంది. మిరపకు ఇంకా వ్యవధి ఉంది. జులై, ఆగస్టుల్లో నారుమళ్లు, ఆ తర్వాత నాట్లు. ఈ లోగా దొరికే నాలుగు వారాలు కాగితాల పనికి అనువైన కాలం. కొత్త పద్ధతులకు, నేల బాగుకు కేంద్రం, రాష్ట్రం డబ్బు ఇస్తున్నాయి. అది అందాల్సిన వాళ్లకు అందడం లేదన్న బాధతోనే ఈసారి సలహాలు ఆ దారిలో రాస్తున్నాను.

ముందు ఖర్చు లేని పని. మిరప వేయబోయే చేను ఆగస్టు దాకా ఖాళీగానే ఉంటుంది. అందులో ఇప్పుడే జనుము గాని, జీలుగ గాని, పిల్లిపెసర గాని చల్లండి. పచ్చిరొట్ట విత్తనాలు రైతు సేవా కేంద్రాల్లో సగం ధరకే ఇస్తారు. తొలకరి దాటితే నిల్వ ఉండదు కాబట్టి వెంటనే అడగండి. పూత దశలో కలియదున్ని, అది మాగేదాకా ఆగి నాట్లు వేయండి. ఇన్ని పథకాల్లో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది, అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేది ఇదే.

2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప చేలను ఎలా ఊడ్చేసిందో మరిచిపోలేం. వరసపెట్టి మందులు కొట్టినా పూత నిలవలేదు. పురుగు పువ్వు లోపల చేరుతుంది, మందు దాని దాకా వెళ్లదు. తెల్ల కాగితం మీద పువ్వును రెండుసార్లు తట్టి చూడండి. నల్లటి నూగులాంటివి కదులుతూ కనిపిస్తే వచ్చిందన్నమాట. దాని మీద పోరు పురుగు కనబడ్డాక మొదలుపెడితే ఆలస్యమే, నాటే రోజు నుంచే మొదలవ్వాలి. చేను చుట్టూ రెండు మూడు వరసల జొన్న గాని మొక్కజొన్న గాని కంచె పంటగా వేయండి. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి. యూరియా తగ్గించండి. వేప నూనె వాడండి. మల్చింగ్ షీటుకు, డ్రిప్‌కు ఉద్యాన, సూక్ష్మ సేద్య పథకాల కింద సబ్సిడీ ఉంది. డ్రిప్‌కు కేంద్ర పథకంలో సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం. దాని పైన రాష్ట్రం కలుపుతుంది.

ఇక ప్రకృతి సేద్యం. దీని విషయంలో మన జిల్లా దేశానికే దారి చూపింది. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2016లో ఈ కార్యక్రమం మొదలుపెట్టింది. అందుకు రాష్ట్రీయ కృషి వికాస్ యోజన, పరంపరాగత్ కృషి వికాస్ యోజన నిధులు వాడుకుంది. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ పది లక్షల యూరోల మానవాళి బహుమతిని ముగ్గురికి పంచితే, అందులో ఒకటి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి దక్కింది. మిగతా రెండు భూసార శాస్త్రవేత్త రత్తన్ లాల్‌కు, ఈజిప్టు సంస్థ సెకెమ్‌కు వెళ్లాయి. మన ఆడవాళ్లు సంఘాల్లో కూర్చుని నేర్చుకున్న విద్యకు లిస్బన్‌లో సత్కారం జరిగింది. మన పక్క ఊళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు 2,481 కోట్లు మంజూరు చేసింది. 50 హెక్టార్లు ఒక క్లస్టరు, అందులో 125 మంది రైతులు. ఒక్కొక్కరికి ఒక ఎకరానికి ఏడాదికి 4,000 రూపాయల చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం ఇస్తారు. ఎకరం లెక్క చూసి చిన్నబుచ్చుకోవద్దు. నన్నడిగితే అదే సరైన కొలత. మిరప ఖర్చుతో కూడిన పంట. మూడెకరాలూ ఒక్కసారిగా మందు మానేయమని నేను ఎవరికీ చెప్పను. ఒక ఎకరంలో మొదలుపెట్టండి, రెండేళ్లు చూసుకుని పెంచండి.

ద్రవ జీవామృతం కలపడం చాలామంది విన్నదే, అయినా కొలతలు తప్పుతున్నారు. 200 లీటర్ల డ్రమ్ము నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, మందులు తగలని గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో ఉంచి, రోజూ పొద్దున సాయంత్రం కర్రతో కలుపుతూ రెండు రోజులు ఆగితే ఎకరానికి సరిపడా తయారవుతుంది. డ్రమ్ము ఎండలో పెడితే పడ్డ శ్రమంతా వృథా.

బయో పేరుతో అంగట్లో వచ్చే సీసాలతో జాగ్రత్త. సీసా మీద కంపెనీ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ లేకపోతే తీసుకోవద్దు. బిల్లు లేకుండా అసలే వద్దు. పంట దెబ్బతిన్న రోజున మీ చేతిలో మిగిలే సాక్ష్యం ఆ బిల్లే.

చదువుకున్న పిల్లలున్న ఇళ్లకు రెండు మాటలు. కల్లంలో ఎండిన కాయను అలాగే యార్డుకు తోలకుండా ఊళ్లోనే కారం పట్టించి అమ్మాలనుకుంటే, చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు ఇచ్చే ప్రధానమంత్రి పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. మన వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. ముందు బ్యాంకు అప్పు మంజూరు కావాలి, తర్వాతే సబ్సిడీ. ఈ వరస తెలియక యంత్రం ముందే కొని ఇబ్బంది పడేవాళ్లున్నారు. సాగులో కొత్త ఆలోచన ఉన్న యువతకు రాష్ట్రీయ కృషి వికాస్ యోజన అంకుర విభాగంలో ఆలోచన దశకు 5 లక్షలు, నిలదొక్కుకునే దశకు 25 లక్షల దాకా గ్రాంటు ఉంది. హైదరాబాదులోని మేనేజ్ ఈ పథకానికి మార్గదర్శక సంస్థల్లో ఒకటి. మన గుమ్మం ముందే లాం ఫారం, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వెళ్లి అడగండి.

డ్రోన్ల మోజు బాగా పెరిగింది. మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా ఇచ్చే పథకం ఉంది. సంఘం తరఫున తీసుకుని అద్దెకు తిప్పితే మేలే. రెండెకరాల రైతు సొంతానికి కొనడం మాత్రం దండగ.

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో చాలావాటికి పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు. మన మండలంలో చేలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? గుంటూరు, విజయవాడ రోడ్డు పొడుగునా భూమి ఒకరిది, సాగు మరొకరిది. డ్రిప్‌కైతే కనీసం ఏడేళ్ల కౌలు ఒప్పందం ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం చెల్లేది 11 నెలలే. నేల జీవం పోసుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఈ చేను తనకుంటుందో లేదో తెలియని మనిషి జీలుగ ఎందుకు చల్లుతాడు? పేడ ఎందుకు తోలుతాడు? ఈ ఏడు గట్టెక్కితే చాలని మందు కొట్టడం తప్ప అతనికి దారేముంది? ప్రకృతి సేద్యం ఊరంతా పాకకపోవడానికి రైతుల అజ్ఞానం కారణమంటే నేను ఒప్పుకోను. కౌలు కాలం పొట్టిదైపోవడమే కారణం.

కౌలు రైతులు ఈ వారమే రైతు సేవా కేంద్రానికి వెళ్లి హక్కు పత్రానికి దరఖాస్తు పెట్టండి. విత్తగానే ఈ-పంటలో పంటను మీ పేరుతోనే నమోదు చేయించి, వేలిముద్ర వేసి రండి. ప్రకృతి వ్యవసాయ క్లస్టరు ఏ ఊళ్లో వస్తుందో, ఈ ఏటి నిబంధనలేమిటో అప్పుడే కనుక్కోండి.

గుంటూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉంటున్న భూ యజమానులకు నా విన్నపం. కౌలు రైతు హక్కు పత్రం మీద మీరు సంతకం పెట్టినంత మాత్రాన మీ భూమి హక్కుకు ఏ ఢోకా లేదని చట్టంలోనే రాసి ఉంది. మీ చేను బాగుపడితే బాగుపడేది మీ ఆస్తే. ఈ సీజనుకు సంతకం పెట్టండి, కుదిరితే కౌలు మూడేళ్లకు రాసివ్వండి.