పని జమాఖర్చు: మీట, మోట, మోటారు

మునగాల సంస్థానమునకు దివానుగా నుండిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1906వ సంవత్సరమున మిత్రులతో గూడి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిరి. ప్రకృతి శాస్త్రములు తెనుగువారికి తెనుగుననే తెలియవలెనన్నది ఆ మండలి ఉద్దేశములలో నొకటి. ఆ సీమ రైతు సోదరులు ప్రతిదినమును చేతబట్టు పనిముట్లలోనే ఆ శాస్త్రము దాగియున్నది. నేటి పాఠమున దానిని మన సంఘపు లెక్కలవలెనే జమాఖర్చు వ్రాసి చూతము.

శాస్త్రమున పని యనగా, ప్రయోగించిన బలమును, ఆ బలముచే వస్తువు కదలిన దూరముతో హెచ్చించగా వచ్చునది. ఒక కిలో బరువును ఒక మీటరు ఎత్తినచో దానిని ఒక ప్రమాణము పని యందము. 10 కిలోల బరువును 3 మీటర్లు ఎత్తినచో 30 ప్రమాణములు. ధాన్యపు బస్తాను నెత్తిన బెట్టుకొని కదలక నిలుచున్నవానికి చెమట పట్టును గాని, బస్తాపై పని యేమియు జరుగలేదు. పని చేయగల సామర్థ్యమునకే శక్తి యని పేరు.

చేనిలో బండను గడ్డపాఱతో లేపుట యెల్లరు నెఱుగుదురు. గడ్డపాఱ క్రింద నుంచిన ఱాయి ఆధారము. ఆధారమునకు బండవైపు అర అడుగు, చేతివైపు నాలుగున్నర అడుగులు ఉన్నచో, 180 కిలోల భారమును 20 కిలోల ఒత్తిడి లేపగలదు. బలము తొమ్మిదవ వంతు చాలినది. కాని బండ ఒక అంగుళము లేచుటకు చేయి తొమ్మిది అంగుళములు దిగవలయును. బలమున మిగిలినది దూరమున ఖర్చయినది. ఏతమును ఇట్టి మీటయే.

ఇక మన పెద్దలు తోలిన మోటను చూడుడు. బొక్కెనలో 150 లీటర్ల నీరు, అనగా 150 కిలోలు, 10 మీటర్ల లోతునుండి వచ్చినచో 1,500 ప్రమాణముల పని. పైనున్న గిలక బలమును తగ్గింపదు. మోకు లాగు దిక్కును మాత్రము మార్చును. ఎడ్లు పల్లమునకు నడచుటచే వాని బరువును లాగుటకు తోడ్పడును. అయినను అది అప్పు వంటిది. మరల మిట్టకు వెనుకకు వచ్చునపుడు ఎడ్లు తమ బరువును తామే ఎత్తుకొని ఆ అప్పు తీర్చును. గిలక ఇరుసునకు చమురు లేనిచో రాపిడి యను వడ్డీ పెరుగును.

కావున ఏ యంత్రమును పనిని పుట్టింపదు. ఇచ్చినదానిలో రాపిడి తఱుగు పోగా మిగిలినదే తిరిగి వచ్చును.

మోటారునకును ఇదియే న్యాయము. ఒక అశ్వబలమనగా సెకనునకు సుమారు 76 ప్రమాణముల పని. 5 అశ్వబలముల మోటారు 380 చేయును. పంపులోను గొట్టములలోను సగము పోయి, 190 మాత్రమే నీటికి చేరెననుకొందము. నీరు 30 మీటర్ల లోతున నున్నచో సెకనునకు 6 లీటర్లకు పైగా వచ్చును. నీరు 60 మీటర్లకు దిగెనా, ఆ లోతునకు తగిన పంపు నమర్చినను 3 లీటర్లకు కొంచె మెక్కువగా మాత్రమే వచ్చును. మోటారు చెడలేదు, లోతు పెరిగినది. పెద్ద మోటారు కొని పొరుగువానికంటె లోతునకు బోరు దింపుటచే ఈ లెక్క తీరదు. అందఱి నీరును దిగును, అందఱి ఖర్చును పెరుగును. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది గాని, పని ఉచితము కాలేదు. రైతు చెల్లింపని దానిని మఱియొకరు చెల్లించుచున్నారు.

కాలువనీటి సంగతి వేఱు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలబడినది. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల చేలకు పల్లమువెంట తానే పాఱుచున్నది. దానిని ఎత్తినవాడు సూర్యుడు. ఎండకు ఆవిరియై, మేఘమై, ఎగువ సీమలలో కురిసిన నీరది. ఆ ఎత్తునందే శక్తి నిలువయున్నది. మిట్టచేలకు కాలువనుండి నీరు ఎత్తువారు మాత్రము ఆ ఎత్తునకు తగిన పని తామే చెల్లింపవలయును.

సభ్యులు ఈ మాటలు గమనింపగోరుదుము. గొట్టపు నోటిని గట్టుపైన 2 మీటర్లు లేపి నీరు దూకించుట చూడ ముచ్చటయే గాని, ఆ 2 మీటర్ల పనియు వృథా. సన్నని గొట్టములు, అనవసరపు వంపులు రాపిడిని పెంచును. అశ్వబలము నెన్నుకొనుటకు ముందు నీటి లోతును త్రాడు వేసి కొలువుడు. నీరు తక్కువగా నున్న బావుల క్రింద ఆరుతడి పంటలు వేయుడు.

తుదకొక లెక్క. మీ బావినుండి గంటకు 15,000 లీటర్ల నీరు వచ్చుచున్నది. ఊరివారు కలసి చెఱువు పూడిక తీయగా, నీరింకి బావిమట్టము ఒక మీటరు పైకి వచ్చినదనుకొనుడు. గంటకు 15,000 ప్రమాణముల పని మిగిలినది. ఆ చెఱువు క్రింద నూఱు బావులున్నచో ఎంత మిగులునో మీరే కట్టి చూచుకొనుడు.