కుక్కల చర్మరోగములు: గుర్తించు విధము, నివారణోపాయములు

"గజ్జికుక్క" యను మాట మనలో తిట్టుగా వాడుకయందున్నది. వెండ్రుకలు రాలి, చర్మము ముడుతలు పడి, ఎడతెగక గోకికొనుచు తిరుగు కుక్కను చూచి జనులు రాయి విసరుదురే కాని, అది రోగి యని తలంపరు. తాము పెంచిన కుక్కకే అట్టి స్థితి వచ్చినప్పుడు ఊరి వెలుపల విడిచివచ్చువారును గలరు. అయినను ఈ రోగములలో పెక్కులు కుదురునవే. సకాలమున గుర్తించినచో కుక్కకు బాధయు, ఇంటివారికి భయమును తప్పును.

దురద రోగము కాదు; రోగమునకు గుర్తు మాత్రమే. కుక్క ఎచ్చట గోకికొనుచున్నదో, ఎచ్చట వెండ్రుకలు రాలుచున్నవో మొదట పరిశీలింపవలయును. ఆ స్థానమే తరచుగా కారణమును సూచించును.

గజ్జి: ఇది రెండు విధములు. మొదటిదానికి కారణము కంటికి కానరాని యొక పురుగు. అది చర్మములో సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట మొదట చెడును. దురద దుర్భరముగా నుండును. ఈ జాతి పురుగే మనుష్యుల గజ్జికి కారణమని 1687లో ఇటలీదేశీయులగు బొనోమో, చెస్తోనీ యనువారు తెలియజేసిరి. కుక్క గజ్జి మనకును అంటును గాని, కుక్కకు చికిత్స జరిగినచో మన దురద సాధారణముగా తగ్గిపోవును. రెండవ విధపు గజ్జి రోమకూపములలో నివసించు పురుగువలన కలుగును. పుట్టిన కొలది దినములలోనే తల్లినుండి పిల్లకు ఆ పురుగు సంక్రమించును. దేహబలము తగ్గినప్పుడు అది విస్తరించి, కన్నుల చుట్టును, మూతిపైనను, ముందరి కాళ్లపైనను వెండ్రుకలు రాల్చును. ఇది మనుష్యులకు అంటదు.

గెంతు పురుగులు, పిడుదులు: తోక మొదటను, నడుము వెనుకను కుక్క కొరికికొనుచున్నచో గెంతు పురుగులను అనుమానింపవలయును. తడిపిన తెల్లకాగితముపై కుక్కను దువ్వి చూడుడు. రాలిన నల్లని నలుసులు తడితగిలి ఎఱ్ఱబారినచో, అది పురుగు విసర్జించిన రక్తము. ఈ పురుగుల గ్రుడ్లు కుక్కపై నిలువక పక్కలోను, నేలపైనను రాలును. పిడుదు రక్తము త్రాగి ఉబ్బి, క్రిందికి దిగి, గోడ పగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును. కుక్కలపై నుండు గోధుమవన్నె పిడుదు తన జీవితమున మూడు దశలలో మూడుమారులు కుక్కపైకి ఎక్కును. ఇది దురద మాత్రమే గాక, రక్తమును చెఱచు జ్వరములను గూడ తెచ్చును. కావున కుక్కకు మందు వేసి ఇంటిని విడిచిన చికిత్స సగము చికిత్సయే.

తామర: ఇది పురుగు కాదు, బూజుజాతికి చెందినది. గుండ్రని మచ్చలో వెండ్రుకలు విఱిగి, పొట్టు రాలుచుండును. పిల్లలకు సులభముగా అంటును గాన, అట్టి కుక్కను ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలయును. దాని దువ్వెనయు పక్కయు వేరుగా నుంచవలయును.

ఇవి గాక, కొన్ని కుక్కలకు ఆహారమో, ధూళియో సరిపడక పాదములు నాకికొనుటయు, చెవులు చీము పట్టుటయు గలుగును.

నివారణము: వారమున కొకసారి చెవుల లోపల, వ్రేళ్ల నడుమ, మెడక్రింద, తోక మొదట వెండ్రుకలు పాయలుగా దీసి చూడవలయును. పిడుదు కనబడినచో చిమటాతో చర్మమునకు దగ్గరగా పట్టి తిన్నగా లాగవలయును. వ్రేళ్లతో నలుపరాదు, కాల్చరాదు. పక్కబట్టలను వారమున కొకసారి వేడినీట ఉతికి ఎండవేయవలయును. గోడ పగుళ్లు పూడ్పవలయును. కుక్క చర్మపు పైపొర మనదానికంటె పలుచన. కావున మన సబ్బు దానికి తగదు. కుక్కలకై చేసిన సబ్బుతో స్నానము చేయించి, వ్రేళ్ల నడుమ తడి లేకుండ తుడువవలయును.

చేయరాని పనులు: కిరసనాయిలు, బండ్లనుండి తీసిన పాతనూనె పూయుట మిక్కిలి హానికరము. అవి చర్మమును కాల్చును. కుక్క నాకినచో లోపలి అవయవములను చెఱచును. గజ్జిని కుదుర్చు ఐవర్‌మెక్టిన్ అనునది గొప్ప మందు. ఆ కుటుంబపు మందులను కనుగొన్న కాంప్‌బెల్, ఓమురా యను శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమాన మిచ్చిరి. అయినను అదే మందు కోలీ జాతి కుక్కలలో పెక్కింటికి ప్రాణాంతకము. కుక్కలకు వాడు పెర్మెత్రిన్ పిల్లికి విషము. కావున అంగడిలో అడిగి కొన్న మందు వేయక, పశువైద్యుని యొద్దకు గొనిపోవలయును. ఆయన చర్మమును కొంచెము గీకి సూక్ష్మదర్శినితో చూచి, ఏ రోగమో నిశ్చయించి, తగిన మందును, కుక్క బరువునుబట్టి మోతాదును చెప్పును. వెండ్రుకలు తిరిగి మొలచినంతనే మందు మానక, ఆయన చెప్పినన్ని దినములు వాడవలయును.

బాలబాలికలారా! కుక్క తన బాధను మాటలతో చెప్పలేదు, గోకికొని చెప్పును. దానిని చూచి రాయి యెత్తక, ఎచ్చట గోకికొనుచున్నదో చూచి పెద్దలకు తెలుపుడు. మన వాకిట కాపున్న జీవిని రోగకాలమున వెడలగొట్టుట న్యాయము గాదు.